పడక నంబరు లేనివాళ్లు

కర్నూలు,
12 మార్చి 1955

అక్క కృపమణికి ప్రేమయ్య వందనములు.

నేను క్షేమం. కొత్త రాజధానిలో తమ్ముడు ఏదో మేడలో కూర్చుని ఉంటాడని నువ్వనుకుంటూ ఉంటావు. మా ఆఫీసు గుడారంలో ఉంది. గాలి లేస్తే కాగితాలు ఎగిరిపోకుండా కడప బండ ముక్కలు బరువు పెడతాం. అయినా ఒక సంతోషవార్త. నన్ను ఆసుపత్రుల లెక్కలు చూసే విభాగానికి మార్చారు. వచ్చిన నెలలోనే నా మాట ఒకటి రాష్ట్రమంతటికీ పోయింది!

సంగతేమంటే, ఆసుపత్రులకు వచ్చే రోగుల్లో నూటికి ఎందరు ఆసుపత్రిలో చేరుతున్నారో తేల్చమన్నారు. వినడానికి సులభంగా ఉంటుంది. తీరా చూస్తే 'చేరడం' అంటే ఏమిటో ఎవరూ చెప్పలేరు. ఒకచోట గంటసేపు బల్ల మీద పడుకోబెట్టినా చేరినట్టు రాస్తారు. ఇంకొకచోట మూడు రోజులు ఉంచుకున్నా రాయరు. అందువల్ల నేను ఒక నిర్వచనం రాసిచ్చాను: 'పడక నంబరు ఇవ్వబడి, ఇన్‌పేషెంటు రిజిస్టరులో పేరు నమోదైన వ్యక్తి మాత్రమే చేరిన రోగి.' నెలలో అట్లా చేరినవారు ఎందరో చూసి, ఆ నెల ఓ.పి. చీటీల మొత్తంలో నూటికి ఎంత పడుతుందో కడతాం. మా ఆఫీసరు చదివి, "ఇదేనయ్యా కావలసింది. గజంబద్ద మాదిరి ఉంది," అన్నాడు.

ఆ ఫారం మీ ఎర్రగుడిపేట ఆసుపత్రికి కూడా వస్తుంది. అక్కడ నర్సువు నువ్వే కాబట్టి మీ డాక్టరు దాన్ని నీ చేతికే ఇస్తాడని నాకు తెలుసు. శుభ్రంగా నింపి పంపు. నా అక్క ఆసుపత్రి నుంచి తప్పుల ఫారం వస్తే నాకు తలవంపులు.

నీ తమ్ముడు
ప్రేమయ్య


ఎర్రగుడిపేట, కడప జిల్లా,
2 ఏప్రిల్ 1955

తమ్ముడు ప్రేమయ్యకు అక్క దీవెనలు.

నీ ఫారం వచ్చింది. నువ్వనుకున్నట్లే డాక్టరు దాన్ని నా బల్ల మీద పడేసి పాయె. నింపినా. మార్చి నెలది పంపినా. తప్పులేం లేవు, తలెత్తుకోని తిరుగు.

ఇంగ నా మాట విను. మా ఆసుపత్రిలో మంచాలు పదహారు. మగోళ్లకు ఎనిమిది, ఆడోళ్లకు ఎనిమిది. ఒకరు లేస్తేనే ఇంకొకరు పండుకునేది. పదహారు మంచాలుండే చోట నెలకెంతమంది చేరతారో దానికి ఫారం ఎందుకురా? నువ్వు కొలుస్తాండేది మంచాలను, రోగుల్ని కాదు. బావిలో నీళ్లెంత ఊరుతాండాయో చూసి రమ్మంటే బొక్కెన కొలుచుకోని వచ్చినట్లుండాది నీ నిర్వచనం.

వార్డులో మంచాల సందున చాపల మీద ఐదారుమంది ఉంటారు. వరండాలో ఇంకో నలుగురు. వాళ్లకు మందు నేనే ఇస్తా, సూది నేనే వేస్తా. పడక నంబరు లేదు గాబట్టి నీ లెక్కన వాళ్లు మా ఆసుపత్రిలో లేనే లేరు. మళ్లా కాలి పుండుకు కట్టు కట్టించుకోను దినామూ వచ్చే ముసలాయప్ప ఉండాడు. వచ్చిన ప్రతిసారీ ఆయనకు ఒక చీటీ. నెలకు ఇరవైయారు చీటీలు. నీ లెక్కలో ఆయప్ప ఇరవైయారుమంది. పండుకున్నోళ్లను తక్కువ చేసి, వచ్చిపోయేటోళ్లను ఎక్కువ చేసి, నూటికెంత అంటే ఎంతొస్తాది? ఏమీ రాదు. మీకు కావాల్సింది అదేనేమో.

పోయిన నెల ఒక ఆడమనిషి వరండాలో ప్రాణం విడిచింది. ఎనిమిదో నెల కడుపుతో ఉండె. పడక నంబరు లేని ఆ మనిషి చావును యాడ రాయాల్నో నీ ఫారంలో గడి లేదు.

కృపమణి


కర్నూలు,
11 ఏప్రిల్ 1955

అక్కకు వందనములు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం నీకు పుట్టుకతోనే ఉంది. అమ్మ ఉన్నప్పుడు కూడా నీతో మాట్లాడాలంటే మంచి వేళ చూసుకునేది.

నిర్వచనం అనేది అందరికీ ఒకటిగా ఉండాలి అక్కా. చాప మీద ఉన్నవాణ్ని చేర్చుకుంటే వరండాలో ఉన్నవాడు అడుగుతాడు. వరండాలో వాణ్ని చేర్చుకుంటే చెట్టు కింద కూర్చున్నవాడు అడుగుతాడు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి. పడక నంబరు అయితే ఎవరూ వాదించలేరు. నువ్వు చెప్పిన ఆ స్త్రీకి పడక నంబరు లేదు కాబట్టి ఆమె ఆసుపత్రి మరణాల కింద రాదు. ఇందులో నిర్దయ ఏమీ లేదు. లెక్క అంతే.

రాష్ట్రం మొత్తం మీద నూటికి మూడు వచ్చింది. మీ ఆసుపత్రిది రెండున్నర చిల్లర. ఆఫీసరు చాలా సంతోషించాడు. ఉన్న పడకలు సరిపోతున్నాయని దీనివల్ల తేలుతుందట. ఇంకొక సంగతి ఉంది గాని, దాన్ని ఉత్తరంలో రాయడం బాగుండదు. కలిసినప్పుడు చెబుతాను.

ఎండలు ముదిరాయి. జాగ్రత్తగా ఉండు.

ప్రేమయ్య


ఎర్రగుడిపేట,
30 ఏప్రిల్ 1955

ప్రేమయ్యకు,

'లెక్క అంతే' అని రాసినావు. సరే. నాకూ లెక్కలొచ్చు. మిషన్ బడిలో నీకు కూడికలు నేర్పించింది నేనే.

ఈ నెల పద్దెనిమిదో తేదీ నుంచి పన్నెండు దినాలు నేనే లెక్కబెట్టినా. ఎట్లనో చెప్తా, మీ ఆఫీసరుకు కూడా చెప్పు. మనిషి మొదటిసారి వస్తే చీటీ మూలన నీలం పెన్సిలుతో సున్న చుట్టినా. మళ్లా వచ్చినప్పుడు పాత చీటీ చూపిస్తాడు గదా, సున్న ఉంటే ఆ మనిషిని మళ్లా లెక్కబెట్టలే. పన్నెండు దినాల్లో చీటీలు నాలుగు వందల పన్నెండు. మనుషులు రెండు వందల ముప్పైయారు. అంతే.

వాళ్లలో ఆసుపత్రిలో ఉండాల్సినోళ్లు ఎవురని నా అంతట నేను తీర్మానం చేయలే. డాక్టరు నోట 'ఇది ఉండాల్సిన కేసే' అని వచ్చిన వాళ్లనే పట్టుకున్నా. అట్లాంటోళ్లు ముప్పైయెనిమిది మంది. మంచం దొరికింది పదకొండు మందికి. పదహైదు మంది నేల మీద. పన్నెండు మందిని వాపస్ పంపినాం. చేతిలో ఒక సీసా పెట్టి, 'కడపకు పోండి' అని చెప్పి పంపినాం. వాళ్లు కడపకు పోయిరో, ఇంటికే పోయిరో, యాడికి పోయిరో దేవునికే ఎరుక.

ఇప్పుడు నీ పద్ధతిలో కట్టు. పదకొండును నాలుగు వందల పన్నెండుతో చూస్తే నూటికి రెండున్నర చిల్లర. నా పద్ధతిలో కట్టు. ముప్పైయెనిమిదిని రెండు వందల ముప్పైయారుతో చూస్తే నూటికి పదహారు. అదే ఆసుపత్రి, అదే పన్నెండు దినాలు, అదే రోగులు! ఇది చలిజ్వరాల కాలం కూడా కాదు. వానలు పడినాక లెక్కబెడితే ఇంకెంతవుతాదో నువ్వే అనుకో.

చేరినోళ్లెందరు అనేది ఒక ప్రశ్న. చేరాల్సినోళ్లెందరు అనేది ఇంకో ప్రశ్న. నువ్వు మొదటిది అడిగి రెండోదానికి జవాబు చెప్తాండావు. తెలిసి చేస్తాండావో తెలియక చేస్తాండావో నాకు తెలీదు. తెలియకనే అయితే ఈ కాగితం తీసకపోయి మీ ఆఫీసరు ముందర పెట్టు. చీటీలన్నీ నా కాడ కట్టగట్టి ఉండాయి.

అక్క


కర్నూలు,
19 జూన్ 1955

అక్కా,

నీ కాగితం వచ్చి యాభై రోజులు కావస్తోంది. జవాబు రాయలేదు. పెట్టెలో గుడ్డల అడుగున పెట్టాను. ఆఫీసరుకు చూపలేదు. చూపడానికి భయపడ్డాను. ఇది ఒప్పుకుంటున్నాను. కాని ఈ ఉత్తరం రాసేది అందుకు కాదు.

నిన్న మధ్యాహ్నం ఒక మనిషి గుడారం బయట నిలబడి నా పేరు అడుగుతున్నాడు. పేరు గిడ్డయ్య. ఆదోని పక్క కంబదిన్నె. కరువుకు ఊరు విడిచి వచ్చి, మీ ఎర్రగుడిపేట దగ్గర బండల గనిలో పని చేశాడట. నీ ఆసుపత్రి వరండాలో చనిపోయిన ఆ స్త్రీ ఇతని పెండ్లాం. పేరు మద్దమ్మ. నువ్వు నాకు పేరు రాయలేదు.

"సామీ, ఆసుపత్రుల లెక్కలన్నీ మీ కాడనే ఉంటాయని మీ అక్క ఆసుపత్రిలో కాంపౌండరు చెప్పినాడు. మద్దమ్మ ఆడికొచ్చింది అని ఒక కాగితం రాసియ్యండి," అన్నాడు.

ఎందుకని అడిగాను.

"మా అత్త మహాదేవమ్మ, 'నా కూతుర్ని ఆసుపత్రికే తీసకపోలేదు, గనికాడనే సంపుకున్నావు' అంటాది సామీ. ఊరోళ్లు ఇద్దర్ని ఆసుపత్రికి పంపిచ్చిరి. డాక్టరు పుస్తకం తీసి చూసి, ఈ పేరు మనిషి మా ఆసుపత్రికి రానే లేదు అన్యాడంట. ఇంగ నా మాట ఎవరు నమ్ముతారు? నాలుగేండ్ల పిల్ల ఉండాది, ఈరమ్మ. దాన్ని నాకియ్యరు. పెండ్లాన్ని సంపినోనికి పిల్లెందుకు అంటారు. నా పక్కన కూసోని బువ్వ తినేటోడు లేడు ఊర్లో."

నేను లోపలికి పోయి మార్చి నెల ఫారాలు తీశాను. ఎర్రగుడిపేట. ఆసుపత్రిలో మరణించినవారు: 'లేరు'. ఆ 'లేరు' నీ చేతిరాత అక్కా.

బయటికి వచ్చి, ఇక్కడ కాగితం లేదప్పా అని చెప్పాను. అతడు నా మీద కోపం కూడా పడలేదు. "ఆయమ్మనూ అడిగినా సామీ. నర్సమ్మను. మూడుసార్లు పోయినా. నాకు తెలీదు, డాక్టర్ని అడుగు పో అనింది," అన్నాడు.

ఇది నిజమా? నాకు నీతులు రాసి పంపినావు. బొక్కెన అన్నావు, బావి అన్నావు. ఆ మనిషి మూడుసార్లు నీ గుమ్మం ముందుకు వస్తే నీకు తెలియదన్నావా? నేను గుడారంలో కూర్చుని ముఖాలు చూడకుండా రాసినాను. నువ్వు చూసి రాసినావు. మనలో ఎవరు ఎక్కువ పాపులో చెప్పు.

ప్రేమయ్య


ఎర్రగుడిపేట,
27 జూన్ 1955

ప్రేమా,

నిజమే. 'లేరు' అని రాసింది నేనే. తెలీదు అని చెప్పిందీ నేనే.

అంతా చెప్తా. చదివినాక నా మొగం చూడకున్నా సరే.

మార్చి ఇరవైయ్యో తేదీ పొద్దున ఎద్దులబండిలో వచ్చిరి. కాళ్లు, మొగం వాచి ఉండె. తలకాయి పగిలిపోతాందమ్మా, కండ్లు మసక కమ్ముతాండాయి అనింది. చూస్తానే తెలిసింది నాకు, ఇంగ మూర్ఛలు వస్తాయని. అట్లాంటి మనిషిని చీకటి గదిలో, చప్పుడు లేకుండా పండబెట్టాల. వెలుతురు పడితే మూర్ఛ, తలుపు టప్పుమంటే మూర్ఛ. నాకు నర్సు పని నేర్పించిన దొరసాని వందసార్లు చెప్పింది ఆ మాట. డాక్టరు చూసి, 'ఉండాల్సిన కేసే, కానీ పడకల్లేవు, కడపకు పంపు' అన్యాడు. నేను పోయి గిడ్డయ్యకు చెప్పినా, పడకల్లేవు పోండి అని. వాళ్లు పోలేదు. బండి వెళ్లిపాయె. వరండాలో పండబెట్టిరి.

రెండు దినాలు. ఎండ నేరుగా మొగాన కొట్టే వరండా. పక్కన్నే చీటీల కిటికీ, పొద్దున్నుంచి అరుపులు. కోకతో తెర కట్టినా, గాలికి నిలబడలే. సూది వేసినా. ఇరవైరెండో తేదీ పదకొండు మూర్ఛలు. మధ్యాహ్నం పోయింది. కడుపులో బిడ్డా పోయింది.

నేను నీకు రాయని మాట ఒకటుండాది. పడక ఉండె.

ఆడోళ్ల వార్డు మూలన, ఎనిమిదో నంబరు. కిటికీ లేని మూల, చీకటి మూల. ఆ మనిషికి కావాల్సింది అట్లాంటి మూలే. దాని మీద ఉతికిన దుప్పటి పరిచి ఉండె. గనుల కాంట్రాక్టరు వదినకు కడుపునొప్పి, వస్తారంట, ఎవురినీ పండబెట్టొద్దు అని డాక్టరు చెప్పినాడు. ఆయమ్మ పేరు రిజిస్టరులో ముందే రాసి పెట్టిచ్చినాడు. పడక నంబరు ఎనిమిది. రాసింది నేనే. ఆయమ్మ రానే లేదు. ఆ రెండు దినాలు ఆ మంచం కాడ దుప్పటి నలగకుండా కాపలా కాసింది నేను.

చూసినావా నీ నిర్వచనం? రాని మనిషి చేరిన రోగి. వచ్చి చచ్చిపోయిన మనిషి రోగే కాదు.

ఆ గిడ్డయ్య గనిలో ఆ కాంట్రాక్టరు కిందనే బండలు కొట్టేటోడు. అది నీకు చెప్పినాడా? చెప్పి ఉండడు.

కాగితం ఇయ్యమని వచ్చినప్పుడు డాక్టరు గదిలో నుంచి చూస్తాండె. రాసిస్తే రేపు నువ్వు ఈడ ఉండవు అని ముందే చెప్పినాడు. మొగుడు లేనిదాన్ని, ఈ ఉద్యోగం పోతే యాడికి పోవాల అనుకున్నా. ఏప్రిల్లో చీటీలకు సున్నలు చుట్టినానే, అది ధైర్యమనుకుంటివా? కాదు. మంచం కాడ చేయాల్సిన పని చేయలేక పెన్సిలుతో చేసినా. నీ మీద నేను పడిన కోపమంతా నా మీద పడాల్సింది. సగం నీ మీదికి తోసినా.

సగమే. తక్కిన సగం నీదే, అది నువ్వే మోయి.

కృపమణి


కర్నూలు,
7 ఆగస్టు 1955

అక్కా,

నా సగం నేను మోస్తాండా. విను.

కలిసినప్పుడు చెప్తానన్న సంగతి ఇది. పోయిన ఏప్రిల్లో మీ ఎర్రగుడిపేట ఆసుపత్రికి ఇంకో పది పడకలు కావాలని ఊరోళ్లు పెట్టుకున్న అర్జీ నా బల్ల మీదికి వచ్చింది. దాని మీద నోటు రాసింది నేనే. 'ఈ ఆసుపత్రిలో చేరికల రేటు నూటికి రెండున్నర మాత్రమే. అదనపు పడకల అవసరం కనిపించదు.' కింద నా సంతకం. ఆ ఆఫీసులో నేను పెట్టిన మొదటి సంతకమది. మురిసిపోయినా. నీ ఆసుపత్రి అని తెలిసే రాసినా. అక్క అని చూడలేదు, ఎంత నిక్కచ్చి మనిషో అని ఆఫీసరు మెచ్చుకుంటాడని రాసినా.

నీ ఉత్తరం అందినాక నెల దినాలు ఆ గుడారంలో ఊరికే కూచున్నా. పోయిన సోమవారం నీ లెక్క కాగితం, దానికి నా కొత్త నోటు జత చేసి ఆఫీసరు ముందర పెట్టినా. చదివినాడు. అద్దాలు తీసినాడు.

"ఏమయ్యా, ఇది నీ నిర్వచనమే గదా?"

"నాదే సార్. తప్పూ నాదే. అందుకే నేనే దిద్దుతాండా."

"రాష్ట్రమంతటి లెక్క అచ్చుకు పోయింది. ఎవరో నర్సు పన్నెండు దినాలు పెన్సిలుతో గీసుకున్న గీతలు చూసి మార్చమంటావా?"

"మార్చొద్దు సార్. పది ఆసుపత్రుల్లో పన్నెండు దినాలు ఇట్లనే లెక్కబెట్టిద్దాం. మనిషిని ఒక్కసారే లెక్కబెట్టాల. డాక్టరు ఉండమన్నోళ్లు ఎందరో, మంచం దొరికినోళ్లు ఎందరో, నేల మీద ఎందరో, వాపస్ పోయినోళ్లు ఎందరో నాలుగు గడులు పెడదాం. ఆమె లెక్క తప్పయితే తప్పని తెలుస్తాది."

"ఒప్పయితే?"

నీ లెక్క కాగితాన్ని ఆయన ముందరికి ఇంకొంచెం జరిపినా.

"ఒప్పయితే ఎన్ని వేల మంచాలు కావాలో తెలుసునా నీకు?" అని గట్టిగా అరిచినాడు. గుడారంలో అందరూ తలకాయిలెత్తి చూసినారు.

అంటే ఆయనకు తెలుసు అక్కా! ఇన్నాళ్లూ తెలియక అట్ల రాయించినాడని అనుకుంటి. నా నిర్వచనం గజంబద్ద అని మెచ్చుకునింది, అది పొట్టిగా ఉండాదని తెలిసే మెచ్చుకున్నాడు.

"అయితే ఆ సంగతి అచ్చు పుస్తకంలోనే రాయండి సార్. మాకు మంచాలు ల్యావు అని రాయండి. రోగులు ల్యారు అని ఎందుకు రాస్తారు?" అన్నా. నా నోట మన ఊరి మాట వచ్చేసింది. ఎవురో నవ్విరి. నాకు సిగ్గు కాలే.

మర్నాడు నోటు వాపస్ వచ్చింది. 'పరిశీలించబడినది. చర్య అవసరం లేదు.' దాంతోబాటు నాకు తపాలా విభాగానికి బదిలీ. ఇప్పుడు కవర్లకు జిగురు పూస్తాండా. బాగానే ఉండాది. కవరులో అబద్ధం ఉన్నా రాసింది నేను కాదు.

గిడ్డయ్య మళ్లా వచ్చినాడు. ఊర్లో పంచాయితీ పెట్టినారంట. పీర్ల పండగ అయిన రెండో దినం. ఆ దినం సాక్ష్యం తెచ్చుకోకుంటే పిల్ల మీద ఆశ విడుచుకోమన్నారు. నేను పోయి చెప్పొచ్చు, కానీ నేను చూడలేదు. చూసింది నువ్వు. పొమ్మని చెప్పను. ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు. తేదీ మాత్రం రాస్తాండా: ఆగస్టు ముప్పైయొకటి. ఆదోనిలో రైలు దిగితే గిడ్డయ్య స్టేషన్లో ఉంటాడు. నువ్వు రాకున్నా ఉంటాడు.

ప్రేమయ్య


ఎర్రగుడిపేట,
6 సెప్టెంబరు 1955

ప్రేమా,

పోయొచ్చినా.

పోయే ముందు ఒక పని చేసినా. మార్చి నెల రిజిస్టరు తీసి, ఇరవైయ్యో తేదీ కింద, అంచున ఉండే జాగాలో రాసినా. 'మద్దమ్మ, భర్త గిడ్డయ్య, 22 ఏండ్లు, కంబదిన్నె. ఎనిమిదో నెల గర్భం, మూర్ఛలు. వరండాలో ఉంచబడినది. 22వ తేదీ మధ్యాహ్నం మరణించినది. 8వ నంబరు పడక ఖాళీగా ఉండెను.' కింద సంతకం, రాసిన తేదీ. దొంగతనంగా కాదు, డాక్టరు ఎదురుగానే రాసినా. ఆయప్ప మొగం ఎర్రగా అయింది. "నీకు పిచ్చి పట్టింది. పై అధికారులకు రాస్తా," అన్యాడు. "రాయండి, ఈ పుట కూడా కాపీ తీసి పంపండి," అని చెప్పి, నేనూ ఒక నకలు రాసుకోని రైలెక్కినా.

గిడ్డయ్య స్టేషన్లో ఉండె. నన్ను చూసి దండం పెట్టలే, పలకరించలే. ముందర నడిచినాడు. బస్సు దిగినాక మూడు మైళ్లు నడక. నల్లరేగడి, వానకు కాళ్లు దిగబడతాండె.  మాట్లాడమని అడిగే మొగం నాకూ లేదు.

చావడి కాడ ముప్పై నలభై మంది ఉండిరి. పెద్దమనిషి కంబన్న అని, తెల్లమీసాలాయన. పక్కన మహాదేవమ్మ, మద్దమ్మ తల్లి. ఆమె ఒళ్లో పిల్ల. నేను నకలు తీసి చదివినా.

కంబన్న, "అమ్మా, మా మనుషులు పోయి చూసొచ్చినారు. సర్కారు రిజిస్టరులో ఆ పేరు లేదని డాక్టరే చెప్పె. సర్కారు రిజిస్టరు అబద్ధం చెప్తాదా?" అని అడిగె.

"ఆ రిజిస్టరు రాసేదాన్ని నేనేప్పా," అన్నా. "అబద్ధం చెప్పింది నేను. మద్దమ్మను గిడ్డయ్య బండిలో తెచ్చినాడు. కాళ్లు పట్టుకున్నాడు. పొమ్మన్నా పోలేదు. రెండు దినాలు దాని తల ఒళ్లో పెట్టుకోని, తన గుడ్డతో ఎండ అడ్డం పట్టుకోని కూచున్నాడు. మంచం ఉండి కూడా ఇయ్యనిది మేము. గొప్పోళ్ల మనిషి కోసరం పెట్టుకోని ఉంటిమి. మీరు ఎవరినన్నా అనాలంటే నన్ననండి."

 మహాదేవమ్మ పిల్లను కింద దించి లేచి వచ్చింది. రెండు చేతులతో నా రొమ్ము మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు. గిడ్డయ్య అడ్డం రాబోతే నేనే వద్దన్నా. కొట్టనీ అని నిలబడినా. చేతులు నొచ్చినాక ఆమె నిలబడిపాయె.

"పోయేముందర ఏమన్నా అనిందా?" అని అడిగె.

"మాయమ్మ వచ్చిందా అని అడిగింది," అని చెప్పినా. అది నిజం. ఊరికే ఓదార్చను చెప్పింది కాదు.

ఆమె అట్లనే నేల మీద కూలబడింది. కొంచెం సేపటికి ఆమెనే లేచింది. ఇంట్లోకి పోయి పిల్ల గుడ్డల మూట తెచ్చి గిడ్డయ్య కాళ్ల కాడ పెట్టె. "దానికి సంగటి పొద్దున పెడితే తినదు, మజ్జిగ పోయి," అనింది. అంతే. తప్పయిందని అనలేదు, అల్లుడా అని పిలవలేదు. పిల్ల మాత్రం గిడ్డయ్య మెడ పట్టుకోని విడవలే. కంబన్న చెంబుతో నీళ్లు తెప్పించి ముందర గిడ్డయ్యకు ఇప్పించె, తరవాత తాను తాగె. గిడ్డయ్యను వెలేసిన ఊరి కట్టుబాటు అట్ల విడిచిపెట్టినట్లంట.

నేను బయల్దేరినా. ఊరి బయటికి వచ్చేసరికి వెనక నుంచి మహాదేవమ్మ వస్తాండె. మళ్లా కొడతాదేమో అనుకున్నా. రొప్పుకుంటా నిలబడి, "ఏమ్మా, ఇంగోసారి అట్ల ఎవురన్నా వస్తే పండబెట్టుకో. పడక ల్యాకుంటే నీ పడకన పండబెట్టుకో," అనింది. నేను సరే అన్నా. 

మొన్న డ్యూటీకి పోతే నా పేరుతో మెమో ఉండె. రిజిస్టరు దిద్దినందుకు సంజాయిషీ ఇయ్యాలంట. పది దినాల గడువు. ఏం రాయాల్నో నాకు తెలుసు, ఆ పుటలో రాసిందే మళ్లా రాస్తా. తీసేస్తే తీసేయనీ. తీసేసే దాకా ఈ ఆసుపత్రిలో ఉండే నర్సమ్మను నేనే.

ఈ ఉత్తరం నేల మీద చాప పరుచుకోని రాస్తాండా. నా మంచం మీద రాజంపేట పక్కనుంచి వచ్చిన పిల్ల పండుకోని ఉండాది. పద్దెనిమిదేండ్లు, ఏడో నెల, కాళ్లు వాచినాయి. పొద్దున డాక్టరు 'ఉండాల్సిన కేసే, పడకల్లేవు' అన్యాడు. నా ఇంటికే తెచ్చుకున్నా. కిటికీకి నా నల్ల దుప్పటి కట్టినా. ఇంతవరకూ మూర్ఛ రాలేదు.

పడక నంబరు లేదు. రిజిస్టరులో మాత్రం పేరు రాసినా, 'నర్సు ఇంట్లో' అని. ఈ మాటు నువ్వు తపాలా బల్ల కాడ ఉండావు గదా, మా ఆసుపత్రి ఫారం వస్తే విప్పి చూడు, ఇట్లాంటోళ్లను కూడా రాసి పంపుతా. నీ కాడికి నెల నెలా వస్తాది, నా ఉద్యోగం ఉండేదాకా.

నీ అక్క
కృపమణి